కాలరు లేని గౌను

కుప్పం
11 ఆగస్టు 2024

నాజియా ఆపాకు,

సలాం. నువ్వు నా ఫోన్ ఎత్తడం మానేశావు. "ఫోను అంగట్లో గిరాకీల ముందర ఉంటాది, వాడేమో అరుస్తాడు. రాయమను. కాయితంలో ఎంత అరిచినా చప్పుడు రాదు" అన్నావని హమీద్ బావ చెప్పాడు. సరే, రాస్తున్నాను. ప్రెస్సులో పనిచేసేవాడికి కాగితం కరువు లేదు, కోపం అసలే లేదు.

బక్రీదుకు నేను పుంగనూరు వచ్చినప్పుడే అర్షియా కుడి దవడ కింద చింతగింజంత గడ్డ ఉంది. అడిగితే "పంటి వాపు" అన్నారు మీ అత్త అజీజాబీ. ఇప్పుడు నిమ్మకాయంత అయిందని బావే అంటున్నాడు. మీ ఇంట్లో దానికి జరుగుతున్న వైద్యం ఏమిటంటే, మెడలో ఒక నల్లదారం, గడ్డ మీద సున్నం బెల్లం పట్టు, అది ఎవరికీ కనబడకుండా బిడ్డ గౌన్లన్నిటికీ చెవులదాకా కాలర్లు. అజీజాబీ అత్తకు గడ్డ తగ్గాలని ఉందా, కనబడకపోతే చాలునా?

నేను డాక్టర్ను కాను. పదో తరగతితో చదువు ఆపేసి ప్రెస్సులో చేరినవాణ్ణి. కానీ టీబీ మీద ప్రచారం చేసే మా సంఘంవాళ్ళు అచ్చు వేయించే ప్రతి కరపత్రం నా చేతుల మీదుగానే పోతుంది. ప్రతి అక్షరం చదువుతాను. మెడలో గడ్డ రెండు వారాలకు తగ్గకపోతే పరీక్ష చేయించాలి. టీబీ అంటే దగ్గు ఒక్కటే అనుకుంటారు జనం, అది మెడ గ్రంథులకు కూడా వస్తుంది. గంటసేపు బస్సులో కూర్చుంటే మదనపల్లె. నువ్వు ఇంటర్ చదివింది అత్త ముందు తల ఊపడానికి కాదు.

ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించినా నాకు భయం లేదు.

నీ తమ్ముడు
అర్షద్


పుంగనూరు
24 ఆగస్టు

అర్షూకు దువా.

నీ ఉత్తరం అత్తకు చదవలేదు. నీకు భయం లేదన్నది నిజమే. ఈ ఇంట్లో ఉండేది మాత్రం నేను.

మదనపల్లెకు పోయి వచ్చాం. పిల్లల డాక్టరు చిన్న వయసాయన, నిదానంగా చూశాడు. చేతి మీద ఒక సూది వేసి, అది పొంగుతుందేమో చూడాలని మళ్ళీ రమ్మన్నాడు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు, శుభ్రంగా ఉందట. గడ్డలోకి సూది పెట్టి కొంచెం లాగారు. అర్షియా ఏడవలేదు. డాక్టరు మొహంలోకి చూసి "నీకు అమ్మ లేదా?" అని అడిగింది. ఆయన సూది పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాడు.

చివరకు ఆయన చెప్పింది ఇది. "సూదిలో టీబీ మాదిరే కనబడతాంది. చేతి మీద మాత్రం అంతగా పొంగలేదు. బిడ్డకు జ్వరం లేదు, దగ్గు లేదు, ఇంట్లో ఎవరికీ జబ్బు లేదు, చూస్తే చలాకీగా ఉండాది. అయినా మన దిక్కు టీబీనే ఎక్కువ కాబట్టి మందు మొదలుపెడదాం. రెండు నెలలకు తగ్గకపోతే మళ్ళా ఆలోచించాల." ఆ చివరి మాట నా మనసులో అట్లాగే ఉండిపోయింది. నీకూ రాసి పెడుతున్నాను.

మాత్రలు నీళ్ళలో కరిగించి తాగించాలి. మొదటిరోజు బిడ్డ ఉచ్చ ఎర్రగా పోతే అత్త రక్తమని గుండె బాదుకుంది. మందు రంగు అని చెప్పడానికి నాకు పొద్దంతా పట్టింది.

ఒక్క మాట అడుగుతున్నాను. టీబీ అని ఎవరితోనూ అనద్దు. మాది పరుపుల అంగడి, అర్షూ. మనుషులు తల ఆనించి నిద్రపోయే వస్తువు అది. పెండ్లి పరుపులు కుట్టించుకునేవాళ్ళు ఈ మాట వింటే మా గడప తొక్కరు.

అర్షియాకు నాలుగేళ్ళు నిండాయి కదా, బిస్మిల్లా చేసి చదువు మొదలుపెట్టించాలని అత్త తొందరపడుతోంది. మామువి నువ్వు. కొత్త గౌను నువ్వే తేవాలి, అక్షరం పలికించేటప్పుడు నీ ఒడిలోనే కూర్చోవాలి. ఇప్పటినుంచే అడుగుతోంది, మాము ఏ రంగుది తెస్తాడని.

నాజియా


కుప్పం
31 ఆగస్టు

ఆపా,

నేను చెప్పానా లేదా? సున్నం బెల్లం మీద కరపత్రం గెలిచింది.

ఇక అసలు యుద్ధం మందు మానకుండా ఉండడమే. రెండు నెలలకు బాగైనట్టే కనబడుతుంది, జనం మానేస్తారు, క్రిమి మొండికెత్తుతుంది. మా గోడరాతల్లో మొదటి వాక్యం అదే: మధ్యలో మానితే మరణమే. ఎవరు చెప్పినా మానవద్దు. అత్త చెప్పినా సరే, ఆ దేవుడే దిగివచ్చి చెప్పినా సరే. ఆ డాక్టరు అనుమానం సంగతి పట్టించుకోకు. ధైర్యంగా ఒక మాట అనలేనివాళ్ళు అట్లా రెండు పక్కలా మాట్లాడతారు.

బావకు కూడా చెప్పు, ఆ దూది దుమ్ములో బిడ్డను ఆడనివ్వవద్దని. పొద్దున్నే మిషను తిప్పితే వీధంతా మంచు కురిసినట్టుంటుంది మీ అంగడి ముందు. జబ్బు రాక ఏమవుతుంది?

నువ్వు అడిగిన ఆ ఒక్క మాట నాకు నచ్చలేదు. ఎవరితోనూ అనవద్దా? టీబీని బతికిస్తున్నది క్రిమి కాదు, సిగ్గు. గడ్డకు కాలరు తొడిగినట్టే నోటికి కూడా తొడుగుతున్నారు మీరు. సదుం పక్క ఒక పల్లెలో మునెప్ప అనే పెద్దాయన రక్తం కక్కుతూ కూడా ఇంట్లో దాక్కుంటున్నాడని మొన్ననే విన్నాను. మనవరాలికి సంబంధాలు చెడతాయనట. ఇట్లాంటివాళ్ళకు ఎవరో ఒకరు పేరు పెట్టి, తలెత్తి చెప్పాలి. ఆ ఎవరో ఒకరు మనమే ఎందుకు కాకూడదు?

గౌను గులాబి రంగుది తెస్తాను.

అర్షద్


పుంగనూరు
22 సెప్టెంబర్

అర్షద్,

నీ కరపత్రం మా ఊరు చేరింది.

సంతలో కూరగాయల తట్టల మధ్య పంచారట. మొదట తెచ్చి చూపించింది అంగన్‌వాడీ టీచరు ఆదిలక్ష్మి. "పుంగనూరు పరుపుల అంగడి హమీద్ గారి బిడ్డ, నా మేనకోడలు, చిట్టితల్లి అర్షియా ప్రతిరోజూ టీబీ మాత్ర ధైర్యంగా మింగుతోంది. నీకెందుకు సిగ్గు?" అక్షరాలు పెద్దవిగా బాగా పడ్డాయి. నువ్వే కూర్చి ఉంటావు.

ఆదిలక్ష్మి మంచిదే. "నేను చదువుకున్నదాన్ని నాజియా, నాకు తెలుసు, గడ్డ అంటుకోదు. మిగతా తల్లులే వింటా లేరు" అంది. అప్పటినుంచి అర్షియాకు విడిగా చాప వేస్తోంది. పిల్ల అది బహుమానం అనుకుంటోంది. "నాకొక్కదానికే పెద్ద చాప ఇచ్చినారు" అని ఇంటికొచ్చి చెప్పింది.

కార్తీకంలో పెండ్లి పెట్టుకున్న ఇద్దరు కుట్టడానికిచ్చిన దూది తీసుకుపోయారు. ఒకాయన నిజమే చెప్పాడు, ఇంకొకాయన ఊరికి పోతున్నామన్నాడు. మీ బావ దూది మూటకట్టి ఇచ్చేశాడు. సాయంత్రం మాత్రం నన్ను అడిగాడు. "యాల రాసినాడు మా పేరు? నన్ను అడిగింటే నేనే ఇచ్చిందునేమో." అంతే.

బిస్మిల్లాకు పిలుపులు మొదలుపెట్టాం కదా, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అప్పుడే ఒంట్లో బాగాలేదన్నారు. పిలుపులు ఆపేసింది అత్త. నువ్వు ఈ గడప ఎక్కకూడదని కూడా అంది. నేను ఎదురు చెప్పలేదు. నాకు ఓపిక లేదు.

మందు మాత్రం మానలేదు. గడ్డ తగ్గలేదు.

నాజియా


కుప్పం
29 సెప్టెంబర్

ఆపా,

నిన్ను అడిగి ఉండాల్సింది. ఒప్పుకుంటున్నాను. కానీ తప్పు నా ఒక్కడిదేనా? కరపత్రంలో అబద్ధం ఒక్కటి లేదు. దూది వాపసు తీసుకుపోయినవాళ్ళను అడగవేం? చాప వేరు చేసినవాళ్ళను అడగవేం? మెడగడ్డ టీబీ పక్కన కూర్చుంటే అంటుకోదని అదే కాగితంలో రెండో పేరాలో ఉంది. మొదటి పేరా చదివి పారిపోయే జనం మన జనం.

ఒకటి విను. సదుం మునెప్ప ఆ కాగితం చూసి ఆసుపత్రికి పోయాడు. "నాలుగేండ్ల బిడ్డ మింగుతాంటే నాకేం రోగం?" అన్నాడట. మందు మొదలుపెట్టారు. ఇది నేను కల్పించడం లేదు. కావాలంటే వచ్చి చూడు.

అత్త గడప ఎక్కవద్దంటే ఎక్కను. వీధిలో నిలబడి మైకు పెట్టి మాట్లాడతాను మీ అంగడి ముందు. జనానికి బుద్ధి చెప్పకుండా వదలను. తేదీ చెప్పు.

గడ్డ తగ్గడానికి టైము పడుతుంది. మానవద్దు.

అర్షద్


పుంగనూరు
25 అక్టోబర్

అర్షూకు,

మైకు పెట్టవద్దు. తేదీ లేదు.

గడ్డ పెరిగింది. పైన చర్మం ముందు ఎర్రబడింది, ఇప్పుడు నేరేడు పండు రంగు. కాగితమంత పలచగా అయింది. నొప్పి లేదంటుంది. ఆడుతుంది, తింటుంది, కాలరు గుచ్చుకుంటుందని ఏడుస్తుంది. గడ్డకు ఏడవదు, కాలరుకు ఏడుస్తుంది.

మదనపల్లె డాక్టరు చూసి, తన మాట తనే గుర్తు చేసుకున్నాడు. "టీబీ అయింటే ఈపాటికి కొంచెమన్నా లొంగాల" అని, మీ కుప్పంలోని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు. పోయిన వారం వచ్చాం. పలమనేరులో బస్సు మారి, బిడ్డను ఎత్తుకుని. మీ ప్రెస్సుకు కూడా వచ్చాను. నువ్వు బి.కొత్తకోటలో మీటింగుకు పోయావన్నారు. మిషను దగ్గర పిల్ల కాసేపు నిలబడి చూసింది.

అక్కడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ మళ్ళీ గడ్డలోంచి తీయించి, కొత్త మిషన్లో పెట్టించింది. అందులో టీబీ లేదని వచ్చిందట. కానీ మైక్రోస్కోపు అద్దాల కింద మాత్రం టీబీ క్రిమి మాదిరే రంగు పట్టే క్రిమి కనబడుతోందట. నాకు అర్థం కాక మళ్ళీ అడిగితే ఇట్లా చెప్పింది. "ఇంటిపేరు ఒకటే అమ్మా, సంసారాలు వేరు. ఇది టీబీకి దాయాది. నీళ్ళలో, మట్టిలో ఉంటాది. పెద్దోళ్ళను ఏమీ చెయ్యదు ఎక్కువగా, చిన్నబిడ్డల మెడలో ఇట్లా కూర్చుంటాది. ఒకరినుంచి ఒకరికి అంటుకోదు. టీబీ మందుకు సరిగా లొంగదు." ఏ రకమో పక్కాగా చెప్పడానికి దాన్ని పెంచి చూడాలట, అది పెరగడానికి వారాలు పడుతుందట.

దీనికి మందుకంటే ఆ గ్రంథిని మొత్తంగా తీసెయ్యడమే మేలంది. చర్మం చిట్లకముందే చెయ్యాలంది. రెండు మాటలు మరీ మరీ చెప్పింది. ఒకటి, ఎవరూ దాన్ని గాటు పెట్టి చీము తియ్యకూడదు, తీస్తే ఆ కంత మూసుకోదు, నెలల తరబడి కారుతూనే ఉంటుంది. రెండోది, కింది పెదవిని కదిలించే నరం ఆ గడ్డ మీదనే పోతుంది. జాగ్రత్తగానే చేస్తాం, అయినా కొన్నాళ్ళు మూతి వంకర పోవచ్చు, అరుదుగా అట్లానే ఉండిపోవచ్చు అంది.

టీబీ మాత్రలు ఆపమంది.

బావ నీ ఇష్టం అంటాడు. అత్త ఆడపిల్ల మొహం మీద కత్తి వద్దంటుంది. నువ్వు చదువుతావు కదా. ఏం చెయ్యాలో చెప్పు.

నాజియా


కుప్పం
31 అక్టోబర్

ఆపా,

వద్దు.

నాకు ఇంతకంటే స్పష్టంగా రాయడం రాదు. సగం కోర్సులో మందు ఆపమనే డాక్టరు డాక్టరేనా? దాయాది అట, ఇంటిపేరట. కొత్త జబ్బు, కొత్త మిషను, కొత్త ఆపరేషను. పేదవాడి ఒంటిమీద కత్తి పెట్టడానికి వాళ్ళకు ఎప్పుడూ ఒక కొత్త పేరు దొరుకుతుంది. మా దగ్గరున్న కరపత్రాలన్నీ తిరగేశాను. ఈ జబ్బు ఎక్కడా లేదు. మా సంఘం పెద్ద సుదర్శన్ గారిని అడిగాను, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు, ఎప్పుడూ వినలేదన్నాడు.

గడ్డ మెత్తబడిందంటే లోపల చీము ఉంది. అంతమాత్రానికి మొహం కోస్తారా? మన ఊళ్ళలో ఎన్ని సెగ్గడ్డలు చూడలేదు, చిన్న గాటు పెట్టి చీము తీస్తే సరిపోయే పనికి ఆపరేషన్ థియేటరు ఎందుకు? చీము తీయించి, మాత్రలు మళ్ళీ మొదలుపెట్టు.

ఇంకొకటి కూడా ఆలోచించు. అర్షియా మందు మానేసిందని తెలిస్తే మునెప్ప ఏమనుకుంటాడు? ఆ కాగితం చూసి మొదలుపెట్టిన మిగతావాళ్ళు ఏమనుకుంటారు?

అర్షద్


పుంగనూరు
9 నవంబర్

అర్షద్,

నువ్వూ మా అత్తా ఒక మాట మీద నిలబడతారని నేను కలలో కూడా అనుకోలేదు. నిలబడ్డారు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను రేషను కోసం పోయి ఉన్నాను. అత్త బావతో చదివించుకుంది. "చిన్న గాటు" అన్న చోట ఆపి, మళ్ళీ చదవమందట. "చూడు, ఆ నోటోడే చెప్తాండాడు. ఎప్పుడూ నన్ను తిట్టేవాడే చెప్తాండాడంటే నిజమే అయ్యుంటాది" అందట. బావ రెండు లోడ్ల దూది దింపించుకోవడానికి పోయాడు. నేను ఇంటికి వచ్చేసరికి వీధి చివర ఇంజక్షన్లు వేసే ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. అర్షియా మూలన కూర్చుని ఉంది, అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని. తినలేదు.

ఆ కంత మూసుకోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. పల్చగా కారుతూనే ఉంది, ఎంత దూది పెట్టినా తడుస్తుంది. మా ఇంట్లో దూదికి తక్కువ లేదు. కాలరు దానికి అతుక్కుంటోంది, విప్పేటప్పుడల్లా పిల్ల విలవిలలాడుతుంది. అత్త ఇప్పుడు దగ్గరికి రావడం లేదు. వాకిట్లో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

నేను ఎవరినీ తిట్టను. తిట్టడానికి కూడా మనిషిలో కొంచెం జీవం ఉండాలి.

నువ్వు మునెప్ప ఏమనుకుంటాడని అడిగావు. అర్షియా ఏమనుకుంటుందని నీ ఉత్తరంలో ఎక్కడైనా ఉందేమో అని మళ్ళీ చదివాను. లేదు.

ఇక దీనికి జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

నాజియా


కుప్పం
17 నవంబర్

ఆపా,

రాయవద్దన్నావు. రాస్తున్నాను, ఈ ఒక్కటి చదువు.

నీ ఉత్తరం చేరిన రోజే ఆ ఆసుపత్రికి పోయాను. నిజం చెప్పాలంటే పోట్లాడడానికే పోయాను. వసారాలో గొంతు పెంచాను. ఆ డాక్టరమ్మ బయటికి వచ్చి, "లోపలికి వచ్చి కూర్చోప్పా. అరవాలంటే కూర్చుని అరువు, నిలబడితే అలిసిపోతావు" అంది. కూర్చున్నాక అరవడం కుదరలేదు.

"మీ బిడ్డ సంగతి నీకు చెప్పను, వాళ్ళమ్మ అడిగితేనే చెప్తా. జబ్బు సంగతి చెప్తా" అంది. నా సంచీలోంచి కరపత్రం తీసుకుని, దాని వెనక ఖాళీ వైపు బొమ్మ గీసింది. దవడ, గ్రంథి, దాని మీదుగా దారమంత నరం. ఇట్లాంటి బిడ్డలు ఎట్లా వస్తారో చెప్పింది. ఐదేళ్ళ లోపు, ఒకే పక్క గడ్డ, నొప్పి ఉండదు, బిడ్డ మామూలుగా ఆడుకుంటూ ఉంటుంది, చర్మం ఊదారంగు తిరుగుతుంది. నువ్వు నీ ఉత్తరాలలో ఒక్కొక్కటే రాసినవే అవన్నీ. నేను అక్షరాలు చదివాను గానీ బిడ్డను చదవలేదు.

గాటు పెట్టిన తర్వాత కూడా చెయ్యవచ్చా అని అడిగాను. కష్టం పెరుగుతుంది, ఆ కంత చుట్టూ ఉన్న చర్మంతో సహా తియ్యాల్సి వస్తుంది, అయినా అదే మంచిదంది. లేచేటప్పుడు కరపత్రం తిప్పి ముందువైపు చదివింది. "రాసిందంతా నిజమే. ఈ బిడ్డ గురించి కాదు, అంతే" అంది. దానికంటే తిట్టి ఉంటే బాగుండేది.

దూది దుమ్ము కాదట కారణం. బావకు చెప్పు.

ఆపరేషను చేయించు, ఆపా. ఎప్పుడో చెప్పు. ఆసుపత్రి మా ప్రెస్సుకు దగ్గరే. నేను లోపలికి రాను, గేటు దగ్గరే ఉంటాను. రక్తం కావాలన్నా, టీ తెమ్మన్నా.

అర్షద్


పుంగనూరు
28 నవంబర్

అర్షూకు దువా.

నీ ఉత్తరం ఇక్కడ తలుపు కింద పడి ఉంది. మేము ఆ రోజుల్లో కుప్పంలోనే ఉన్నాం. ఆపరేషను అయిపోయింది.

నీకు చెప్పలేదు. చెబితే వచ్చి గొడవ చేస్తావని భయపడ్డాను. నువ్వు మారావని నాకెట్లా తెలుస్తుంది? ఆసుపత్రి మేడమీద కిటికీలోంచి చూస్తే మీ వీధి మొదట్లో గోడ మీద నీ రాత కనబడింది, మధ్యలో మానితే మరణమే అని. దాన్ని చూస్తూనే సంతకం పెట్టాను.

అత్త కూడా వచ్చింది. రమ్మని ఎవరూ అడగలేదు. సంచీలో రెండు చీరలు పెట్టుకుని బస్సెక్కి కూర్చుంది. థియేటరులోకి తీసుకుపోయేదాకా బిడ్డను ఎవరికీ ఇవ్వలేదు. "నా చేతులతోనే ఆ మనిషి ముందర కూర్చోబెట్టినా. ఇప్పుడు నా చేతులతోనే ఇస్తా" అంది. నర్సు ఊరుకుంది.

వార్డులో నీళ్ళ డబ్బా పైన నీ కరపత్రం అంటించి ఉంది. పక్క మంచం ఆమెది వి.కోట దిక్కు. చదివి, మా వైపు తిరిగి, "మీరు పుంగనూరే కదా? ఆ పరుపులంగడి మీదేనా?" అంది. అవునంటే ఎంత కథ చెప్పాలో తలచుకుని, కాదన్నాను. అప్పుడే మెలకువ వచ్చిన అర్షియా, "మాదే. దాంట్లో నా పేరు కూడా ఉండాది" అంది. తన పేరు అచ్చులో పడిందని నీ మేనకోడలికి ఎంత గర్వమో నాకు ఆ రోజే తెలిసింది. ఆమె మంచం జరుపుకుంది. తర్వాత డాక్టరమ్మ వచ్చి ఆమెకు కూడా ఆ దాయాది మాట చెప్పాక మళ్ళీ ఇటు జరుపుకుంది. పోయేటప్పుడు పిల్లకు అరటిపండు ఇచ్చింది.

మొత్తం తీసేశారు. గాయం శుభ్రంగా ఉంది, కారడం లేదు. ఇంకొన్నాళ్ళకు ఒక సిరపు ఇచ్చారు, చేదని గోల. అందులోంచి తీసింది పెంచడానికి పంపారు.

కింది పెదవి కుడి పక్క కదలడం లేదు. ఊరికే ఉంటే తెలియదు. నవ్వినా ఏడ్చినా మూతి ఒక పక్కకే పోతుంది. నరం తెగలేదు, అలిసింది, నెలల మీద వస్తుందంది డాక్టరమ్మ. వస్తుందనే అనుకుంటున్నాను. ఇప్పుడు నేను ఏదైనా అనుకోగలను, అంత అలవాటైంది.

పిల్లకు ఇంకా ఏమీ తెలియదు. అద్దంలో చూసుకుని, "అమ్మీ, నా నవ్వు ఒకపక్క నిద్రపోతాంది" అంది.

మేము ఉన్నన్నాళ్ళూ నువ్వు మా కిటికీ కిందనే సైకిలు మీద పోయి ఉంటావు.

నాజియా


కుప్పం
8 డిసెంబర్

ఆపా,

అవును, పోయాను. ప్రెస్సుకు అదే దారి. గేటు దగ్గర ఉంటానని రాసి పోస్టులో వేసి, ఆ గేటు ముందునుంచే రోజూ పోయి వచ్చాను. తల ఎత్తి చూడాలని తోచలేదు.

కోపం ఎక్కడికి పోయిందో తెలియడం లేదు. సుదర్శన్ గారి మీద తెచ్చుకోబోయాను, ఆయన తనకు తెలిసిందే చెప్పాడు. అత్త మీద తెచ్చుకోబోయాను, ఆమె నా మాట నమ్మింది. జీవితంలో మొదటిసారి నమ్మింది.

ఇంకో కాగితం రాశాను. ఇందులో పెడుతున్నాను. టీబీ మందు వేసుకుంటున్నవాళ్ళు తమంతట తాము మానకూడదు. అదే సమయంలో, చెప్పిన గడువుకు గడ్డ తగ్గకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయి అడగాలి, టీబీ కాని దాయాది జబ్బు ఒకటి చిన్నబిడ్డలకు రావచ్చు. గడ్డను ఊళ్ళో ఎవరిచేతా కోయించకూడదు. అది అంటుకోదు. అంతే రాశాను. సంఘంలో చూపిస్తే సుదర్శన్ గారు తల అడ్డంగా ఊపాడు. "జనానికి ఒక మాటే చెప్పాల అర్షద్. రెండు చెప్తే వాళ్ళకు అనుకూలమైందే పట్టుకుంటారు. నీ కాగితం చూసి ఒక్కడు మందు మానినా మనదే పాపం" అన్నాడు. అది కూడా నిజమే అనిపిస్తోంది. మునెప్ప బరువు పెరిగాడట, చేనికి పోతున్నాడట. ఆయన మానకూడదు.

సంఘం పేరు లేకుండా నేనే వేసుకోగలను. కానీ ముందు నిన్ను అడుగుతున్నాను. బావను కూడా అడుగుతున్నాను. వద్దంటే వెయ్యను.

గులాబి గౌను ఆగస్టులోనే కొన్నాను. దానికి పెద్ద కాలరు ఉంది. మీ ఇంట్లో అదే కావాలంటారని, తిట్టుకుంటూనే అట్లాంటిదే ఏరి కొన్నాను. పెట్టెలో ఉంది.

అర్షద్


పుంగనూరు
19 జనవరి 2025

అర్షూకు దువా.

జవాబు ఆలస్యమైంది. కుప్పం నుంచి ఆ పెంచిన రిపోర్టు వచ్చాక రాద్దామని ఆగాను. వచ్చింది. టీబీ కాదు, దాయాదే. పేరు పొడుగ్గా ఉంది, మీ బావ రెండుసార్లు కూడబలుక్కుని వదిలేశాడు. గాయం ఎప్పుడో మానింది, దాని పేరు ఇప్పుడు తెలిసింది.

నీ కాగితం బావకు చదివాను. "బాగుండాది. మనోళ్ళ పేరు మాత్రం వద్దు" అన్నాడు. వేసుకో. సుదర్శన్ గారి భయం కూడా తప్పు కాదు కాబట్టి మందు మానవద్దన్న వాక్యం అన్నిటికంటే పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాలలో పెట్టు. మళ్ళీ పోయి అడగమన్నది దాని కిందనే పెట్టు, వెనకవైపు కాదు. రెండో పేరాదాకా ఎవరూ చదవరని నువ్వే అన్నావు.

దూది వాపసు తీసుకుపోయిన ఇద్దరిలో ఒకరు తిరిగి వచ్చారు. రెండోవాళ్ళు రాలేదు. అంగన్‌వాడీలో విడి చాప తీసేశారు, దానికి పిల్ల ఆ రోజంతా అలిగింది.

పెదవి కొంచెం కదులుతోంది. నేను అనుకోవడమేనేమో అని ఆదిలక్ష్మిని అడిగాను, ఆమె కూడా కదులుతోందంది. ఇంకా సగమే.

వచ్చే నెల మొదటి శుక్రవారం బిస్మిల్లా పెట్టుకున్నాం. మళ్ళీ పిలుపులు మొదలుపెట్టాను. ఎంతమంది వస్తారో తెలియదు. నిన్ను పిలవాలా అని అత్తను అడగడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు. రొట్టెలు కాలుస్తూ ఉంటే తనే అంది. "జనం వాకిట్లోదాకా వచ్చి, లోపలికి రావాల్నా వద్దా అని నిలబడతారు. రండి రండి అని గట్టిగా పిలిచేదానికి ఒక నోరు కావాల. మీ తమ్ముణ్ణి రమ్మను. నేను తిట్టను." పెనం మీద రొట్టె తిరగేసి, "ఆ పూట తిట్టను" అంది.

బావ నీకూ అర్షియాకూ కొత్త బూరుగుదూదితో చిన్న పరుపు కుడుతున్నాడు, నువ్వు బిడ్డను ఒడిలో పెట్టుకుని కూర్చోవడానికి. తర్వాత దాన్ని అమ్మడట.

ముందురోజే రా. పెట్టెలో ఉన్న గౌను నీ దగ్గరే ఉంచుకో, లేదా మార్చి తీసుకురా. కాలరు ఉన్నది వద్దు. పిల్లను అడిగితే మెడ మీద వేలు పెట్టి చూపించింది, అక్కడ ఒరుసుకుంటుందట. రంగు ఏదైనా ఫరవాలేదు.

నాజియా